కన్ను ఇడిసి కోసుడు

శ్రావణమాసంల రెండో మంగళవారం, పొద్దుగాల తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మేడ్చల్ బస్టాండుల నా అక్షరాలు పోయినయి. టైం ఎట్ల యాదికున్నదంటే, గోడ గడియారం అప్పుడే చూసుకున్న. గడియారం ముల్లులు తెలిసినయి. బస్సు మీది బోర్డు తెలువలే.

కీసరల ఉన్న మా చెల్లె ఇంటికి పోవాలె. బస్సు వచ్చి నిలవడ్డది. బోర్డు దిక్కు చూసిన. అద్దానికి ఉన్న పగులు కనిపిస్తాంది. డ్రైవర్ మెడల తువ్వాల కనిపిస్తాంది, దాని మీది పూలు గూడ కనిపిస్తున్నయి. గానీ బోర్డు మీద ఉన్నది రాత లెక్క లేదు. ఎవలో చక్కెర వారబోస్తే శీమలు పట్టినట్టు నల్లగ ఉన్నది, అంతే. కండ్లద్దాలు తీసి, కొంగుతోని తుడిసి, మల్ల పెట్టుకున్న. శీమలే.

పక్కన నిలవడ్డ ఒకాయనను అడిగిన. "అన్నా, గీ బస్సు ఏడికి వోతది?"

ఆయన నా ముక్కు మీది అద్దాలు చూసిండు, తర్వాత నా మొఖం చూసిండు. "కీసరకే గదమ్మా. గంత పెద్దగ రాసుంటే."

ఆ చూపు నాకు ఎరుకే. యాభై నాలుగేండ్లు ఆ చూపు కిందనే బతికిన. అది పోయి పదేండ్లయింది అనుకున్న, ఆ పొద్దు మల్ల ఎదురొచ్చింది. బస్సు ఎక్కలే. సిమెంటు బల్ల మీద కూసున్న. కొద్దిసేపటికి శీమలు ఎటో పోయినయి, అక్షరాలు వచ్చినయి.

నా పేరు బాలమణి. మా ఊరు షామీర్‌పేట నుంచి మేడ్చల్ పొయ్యే తొవ్వల ఉంటది. ఒకప్పుడు మా దిక్కు ఎటు చూసినా అంగూరు తోటలే. వయసుల ఉన్నప్పటికెల్లి నేను ఆ తోటలల్ల తీగె కటింగుకు పోయిన, ఆడోళ్ల జట్టును ఎంబడి తీసుకొని. ఇప్పుడు తోటలు లెవ్వు, రాళ్ళు పాతిన ప్లాట్లున్నయి. నా కొడుకు శ్రీశైలం ఆ ప్లాట్లే అమ్ముతడు. నా పెనిమిటి పోయి శానా ఏండ్లయింది. ఇంట్ల నేను, కొడుకు, కోడలు రేణుక.

అక్షరాలు నాకు ఎట్ల వచ్చినయో ముందుగాల చెప్పాలె. లేకుంటే తర్వాతి కథ అర్థం కాదు.

చదువుకోవాలని నాకు ఎన్నడు ఆశ లేకుండె. మా మహిళా సంఘానికి యాదమ్మ లీడరు. నా ఈడుదే, నా తోటి కటింగుకు వచ్చినదే, గానీ ఐదో తరగతి దాక చదివింది. ఒకనాడు మీటింగుల నేను ఏలిముద్ర ఏసి, సిరా తుడుసుకోనికె గుడ్డ కోసం చూస్తున్న. యాదమ్మ అందరి ముంగట, "ఆమె ఏలు జర పైలంగ తుడువుండ్రే, ఆమె సంతకమంత దాంట్లనే ఉన్నది" అన్నది. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఇంటికొచ్చి కోడలును పిలిచి, "రేణుకా, నాకు రాసుడు నేర్పు. గా యాదమ్మ నోరు మూతవడాలె" అన్న.

రేణుక పీట మీద జొన్నపిండి పరిచి ఏలుతోని 'బ' రాసి చూపెట్టింది. రొట్టె పెనం మీద కాలేలోపు ఒక అక్షరం. అది చెరిపి ఇంకో రొట్టె, ఇంకో అక్షరం. అన్నిటికంటె ఆఖరుకు వచ్చింది నా కొడుకు పేరు. శకు క్రారవడి, దాని మీద గుడి దీర్ఘం, పక్కన మల్ల శకు ఐత్వం. రాజు అనో రాములు అనో పెట్టక గింత వంకర పేరు పెట్టినవేందయ్యా అని, చచ్చిపోయిన మనిషిని తిట్టుకుంట నేర్చుకున్న.

సంతకం చేసిన పొద్దు యాదమ్మ నోరు మూతవడలే. "ణ మీద గుడి జర గుండ్రంగ చుట్టవే" అన్నది. గానీ అప్పటికే నేను యాదమ్మను మర్చిపోయి ఉన్న. బజ్జీలు కట్టిచ్చిన కాగితం చదువుతున్న. ఆటోల ఎనక రాసింది చదువుతున్న. సబ్బు కవరు, పెండ్లి పత్రిక, గోడ మీద పాత ఎలక్షన్ రాత, ఏది దొరికితే అది. ముఖ్యంగ, ఎవలినీ అడుగుడు లేదు. నేను ఎట్లాంటి మనిషినంటే, దాహమైనా పరాయింట్ల నీళ్ళడుగ. అసొంటి మనిషి యాభై నాలుగేండ్లు "గీ బస్సు ఏడికి" అని అడుక్కుంట తిరిగింది.

ఆ ఏండ్లల్ల ఎవరన్న, "బాలమణీ, ఇగ నీకు ఏం గావాలె" అని అడిగి ఉంటే, మోకాళ్ళ నొప్పులు తగ్గాలె అని చెప్తుంటి. చదువు గావాలె అన్న మాట నా నోట్లకెల్లి రాకపోవు. కోపానికి పట్టుకున్నదాన్ని ఇడువలేక ఉంచుకున్న.

బస్టాండుల అయినంక ఇంకోసారి పెండ్లి పత్రిక చేతుల పట్టుకున్నప్పుడు అట్లనే అయింది. తలకాయల ఒక దిక్కు బరువు. భాద్రపదం వచ్చేసరికి శ్రీశైలం నన్ను కారుల కూసోబెట్టుకొని పట్నంల పెద్ద దవాఖానకు తీసుకపోయిండు. ఆ మిషిన్లు, ఆ సూదులు, వాటి సంగతి నేను రాయ. పడ్డోళ్ళకు తెలుసు, పడనోళ్ళకు తెలువకుంటేనే మంచిది. రాయాల్సింది కూసునే జాగల గురించి. దవాఖానల బతుకంత అక్కడనే గడుస్తది. అందరు మాట్లాడుకుంటరు, గానీ ఎవలూ మొఖం చూసి మాట్లాడరు. అందరి కండ్లు తలుపు మీదనే.

ఆ తలుపు ఎనక మాధవరావు సారు ఉండె. తెల్ల జుట్టు, నిదానంగ మాట్లాడుతడు. ఆయన పక్కన లావణ్య అని ఒక పిల్ల, ఆంధ్ర దిక్కుది. తలకాయ ఆపరేషన్ చేసేటోళ్ళకు మాట, చదువు ఎట్లున్నయో పరీక్ష పెట్టుడు ఆమె పని.

సారు ఉన్నదున్నట్టు చెప్పిండు. "తలలో ఎడమవైపు వెనక గడ్డ ఉందమ్మా. మెల్లగా పెరిగే రకం. కానీ చదివే చోటుకు ఆనుకొని ఉంది. మొత్తం తీసేస్తే మళ్ళీ వచ్చే భయం తక్కువ. చదవడం మాత్రం పోవచ్చు. చదువు నిలవాలంటే అంచున కొంచెం వదిలేయాలి. వదిలింది మళ్ళీ పెరగొచ్చు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. మీ లక్ష్యం ఏమిటి?"

నాకు కోపం వచ్చింది. "నేనేం అలక్ష్యం జెయ్యలే సారూ. బస్టాండుల అయిన తెల్లారే మా పిలగానికి చెప్పిన. ఆయనే రిజిస్ట్రేషన్లు ఉన్నయని ఆపిండు."

"అమ్మా, సారు అడిగింది గది గాదే" అని శ్రీశైలం నెత్తి పట్టుకున్నడు.

మా ఇంట్ల లక్ష్యం అంటే పట్టించుకునుడు. "వాడు తల్లిని లక్ష్యం చెయ్యడు" అంటే తల్లిని పట్టించుకోడని. సారు అడిగింది వేరేనట. లావణ్య నా దిక్కు వంగి చెప్పింది. "అమ్మా, జీవితంలో మీకు ఏది కావాలి, దేనికోసం బతకాలనుకుంటున్నారు, అది అడుగుతున్నారు. బాగా ఆలోచించి చెప్పండి."

"దేనికోసం బతుకుతున్నమో ఆలోచించి చెప్పేటోళ్ళు ఉంటరా బిడ్డా?"

ఆ పిల్ల నవ్వింది. సారు నవ్వలే. "ఉండరమ్మా. అయినా అడగాలి. మీ బదులు నేను ఎంచుకోలేను కదా" అన్నడు.

తిరిగొచ్చేటప్పుడు పేట్ బషీరాబాద్ కాడ చాయ్ కోసం కారు ఆపిండు శ్రీశైలం. చాయ్ చల్లారిపోయింది గానీ ఇద్దరం తాగలే.

"అమ్మా, ఒక మాట అడుగుత. అక్షరాలు లేకుండ యాభై నాలుగేండ్లు బతికినవ్."

"బతికిన."

"పానం లేకుండ ఒక్క దినం బతుకుతవా?"

"బతుక."

"మరి గిండ్ల సోచాయించుడు ఏమున్నది? మొత్తం తీపిచ్చుకో. బోర్డులు నేను చదివి చెప్త. రేణుక చెప్తది. బస్సెక్కే అక్కరే లేకుండ నేనే కారుల తిప్పుత."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పటికీ లేదు. చదివేటోళ్ళు ఇది యాదిల పెట్టుకోవాలె. నా కొడుకు చెప్పింది న్యాయం. నా మీద పానం పెట్టుకొని చెప్పింది.

అందుకే నేను నిజంగనే ఆలోచన చేసి చూసిన. బియ్యంల రాళ్ళేరుకుంట ఒక దిక్కు పానం పెట్టుకున్న, ఒక దిక్కు చదువు పెట్టుకున్న. ప్రతిసారి పానమే బరువు తూగింది. సరే, తీపిచ్చుకుంట అని లేస్తున్న. లేసి, చాట మూలకు పెట్టి, బియ్యం సంచి మీద రాసింది చదువుతున్న. చదువుకుంట నిలవడి ఏడుస్తున్న. ఆకలైతాందా లేదా అని ఎవలన్న ఆలోచించి తేల్చుకుంటరా? కడుపు చెప్తది. ఇది గూడ అట్లాంటిదే ఉన్నది. తూకం నా చేతుల ఉన్నది, గానీ తూకపురాళ్ళు ఎవలో ముందే పెట్టిపోయిండ్రు.

మిగిలినోళ్ళు ఎట్ల తేల్చుకున్నరో అడుగుదామనిపించింది. శ్రీశైలంను అడిగిన. "నువ్వు గీ ప్లాట్ల పనిలకు సోచాయించే వచ్చినవా?"

"మరి? అంత లెక్కలేసే వచ్చిన" అన్నడు.

పక్కనుంచి రేణుక, "అత్తమ్మా, ఆయన దోస్తు నరేష్ ఎర్ర బండి కొన్నడు గదా, ప్లాట్లు అమ్మి. గా బండి చూసినంక లెక్కలేసిండు" అన్నది. నా కొడుకు లేసి బయటకు పోయిండు.

యాదమ్మ చూడనికె వచ్చింది. ఆమెను గూడ అడిగిన. "నువ్వు లీడరు కావాలని ముందుగాల అనుకున్నవానే?"

"నేనా? ఆ పొద్దు పంచాయతీ ఆఫీసుల కుర్చీ ఒక్కటే ఉండె. నా నడుము నొస్తాంది. కూసున్న. లీడరువు నువ్వే అన్నరు." తర్వాత నా చెయ్యి పట్టుకున్నది. "బాలమణీ, పానం ఉండనియ్యే. చదువు పోతే పోని. నువ్వు ఏలిముద్ర ఎయ్యి, నేనే తుడుస్త."

ఈసారి ఎవలం నవ్వలే. ఆ పొద్దు నిజంగనే మెత్తవడ్డ. మొత్తం తీయుండ్రి అని చెప్పనికె మనసు సిద్ధం చేసుకున్న.

పెత్రమాస అమావాస్య ముందర మల్ల దవాఖానకు పోయినం. శ్రీశైలం కారు పెట్టి రానికె పోయిండు. నా పక్కన సూరారం నుంచి వచ్చిన ఒకామె కూసున్నది. పెనిమిటి ఫ్యాక్టరీల చేస్తడట, ఆయనకే తలకాయల ఏదో ఉన్నది, లోపలికి తీసుకపోయిండ్రు. ఇంట్ల చేసుకొచ్చిన సర్వపిండి తుంచి సగం నా చేతుల పెట్టింది. తిన్నంక అడిగింది. "అమ్మా, గా తలుపు మీద ఏం రాసున్నది? ఆయనను అండ్లకే తీసుకపోయిండ్రు. చచ్చేటోళ్ళ అర్ర కాదు గదా?"

చూసిన. చదివిన. "ఫొటో తీసే గది అని రాసున్నదమ్మా. చెప్పులు బయట ఇడువమని రాసున్నది. అంతే."

"అంతేనా?"

"అంతే. ఒట్టు."

ఆమె గుండెల మీద చెయ్యి పెట్టుకొని గోడకు ఒరిగింది. నేను లేసి ఇంకో తలుపు కాడికి పోయిన, దాని మీద ఏం రాసున్నదో చూడనికె. ఎవలూ నన్ను అడుగలే. ఇంకో తలుపు, ఇంకో బోర్డు, నీళ్ళు ఏడున్నయో, మెట్లు ఏడున్నయో. అన్ని చదువుకుంట పోయి పోయి చివర గోడ తగిలినంక ఆగిన. అప్పుడు ఎరుకైంది. సారు అడిగిన దానికి జవాబు నా కాళ్ళు చెప్తున్నయి. లక్ష్యం అంటే సారు అనేది ఒకటి, మా ఇంట్ల అనేది ఒకటి అనుకున్న గదా. రెండూ ఒకటే. దేన్ని పట్టించుకుంట పదేండ్లు తిరిగిన్నో, నాకు కావాల్సింది గదే.

లోపలికి పోయినంక సారుకు చెప్పిన. "సారూ, అంగూరు తీగె మీద చిగురు వచ్చే బొడిపెను మేము కన్ను అంటం. ఎంత రోగం వచ్చిన కొమ్మనైనా కన్ను ఇడిసి కోస్తం. కన్ను ఇడువకుండ కోస్తే రోగం పోతది, తీగె బతుకుతది, గానీ ఆ కొమ్మకు మల్ల కాయ రాదు. నాకు గూడ కన్ను ఇడిసి కొయ్యుండ్రి."

"రోగం ఆ కన్ను కాడే ఉంటే?" అని అడిగిండు సారు.

"ఒక్కోసారి ఉంటది. కన్ను ఇడిసిన తీగె ఎండిపోయింది గూడ చూసిన. తెలిసే చెప్తున్న."

శ్రీశైలం కుర్చీల నుంచి లేసిండు. "నువ్వు మనిషివి. తీగెవు గాదు."

"నువ్వన్నది రైటేరా. గానీ నాతోని గాదు."

"నాకు నువ్వు గావాలె. నీ సదువు గాదు."

"నేను అంటే ఏందిరా మరి?" అని అడిగిన. కొట్లాటకు అడుగలే. నాకు నిజంగనే తెలువకుండె. ఆయనకు గూడ తెలువలే. "నీ ఇష్టం" అన్నడు. మా ఇంట్ల నీ ఇష్టం అంటే, ఇగ నీతోని మాట్లాడ అని. దసరా వచ్చినా మాట్లాడలే. కారుల తీసుకపోవుడు, తీసుకొచ్చుడు, మందులు టైముకు ఇచ్చుడు, అన్నీ చేసిండు. నోరు మాత్రం తెరువలే. ఏదన్న చెప్పాల్నంటే, నా ముంగటనే నిలవడి, "రేణుకా, అమ్మను గోలి ఏసుకోమను" అంటుండె. రోగం కంటె ఆ దినాలే బరువుగ పోయినయి.

మనిషిని మెలకువగ ఉంచే ఆ ఆపరేషన్ చేస్తరట. నొప్పి తెలువకుండ మందు ఇచ్చి, చదివించుకుంట కోస్తరు. ఏ జాగల తాకితే చదువు ఆగుతదో, ఆ జాగ ఇడిసిపెడ్తరు. దానికి ముందుగాల లావణ్య నన్ను కూసోబెట్టి చీటీలు చదివిచ్చింది.

ఒక చీటి చూపెట్టింది. "ఉల్లిగడ్డ" అన్న. ఆమె ఏదో రాసుకున్నది. ఇంకోటి. "సల్ల." మల్ల రాసుకున్నది. ఇంకోటి. "అవ్వ." ఆ పిల్ల మొఖం తెల్లగైంది. లోపలికి ఉరికి సారును పిలుచుకొచ్చింది. "సార్, పదాలు మారిపోతున్నాయి. గడ్డ మాటల వైపు కూడా పాకిందేమో."

సారు చీటీలు అందుకున్నడు. ఉల్లిపాయ. మజ్జిగ. అమ్మమ్మ.

"అమ్మా, ఇందులో రాసింది రాసినట్టు చదవండి" అన్నడు.

చదివిన. "ఉల్లిపాయ. అంటే ఉల్లిగడ్డనే గద సారూ. కూరగాయల కాడికి పోయి ఉల్లిపాయ అంటే నన్ను పిచ్చిదనుకుంటరు."

అప్పుడు నవ్విండు ఆయన. లావణ్య నవ్వలేకపోయింది, పాపం, భయపడ్డది. నాకు మాత్రం భయం అప్పుడే మొదలైంది. రేపు తలకాయ తెరిచినంక నేను అలవాటుగ సల్ల అంటే, అక్కడ చదువు ఉన్నదనుకొని తీయాల్సింది తీయకపోతే? పట్టి పట్టి చదువుత అనుకున్నా, ఆ మత్తుల నోరు నా మాట వింటదా?

"పేర్లు రాయి బిడ్డా" అన్న లావణ్యతోని. "ఉల్లిపాయకు రెండు పేర్లుంటయి. మనిషికి ఒకటే. పేరును నేను మార్చి చదువ. కండ్లకు కనవడితేనే చెప్త."

ఆ మాట ఆమెకు నచ్చింది. ఆ పొద్దు అర్రల ఎవరెవరు ఉంటరో అందరి పేర్లు తెలుగుల రాపిస్త అన్నది. "బయటివాళ్ళ పేరు ఒకటి కూడా కావాలమ్మా, బాగా కష్టమైనది. మీకు అన్నిటికంటే కష్టంగా వచ్చిన పేరు ఏది?"

చెప్పిన.

దసరా అయినంక వచ్చిన బుధవారం పొద్దుగాల లోపలికి తీసుకపోయిండ్రు. తలుపు కాడ రేణుక నా కాళ్ళు మొక్కింది. యాదమ్మ నా చెవుల, "ఓ సదువుకున్నదానా, సక్కగ సదువు" అన్నది. శ్రీశైలం గోడకు ఒరిగి నేల చూసుకుంట నిలవడ్డడు. నన్ను పండవెట్టిన బండి ఆయన పక్కకెల్లి పోతాంటె నా కాలు బొటనవేలు పట్టుకొని ఇడిసిపెట్టిండు.

లోపల మస్తు చలి. నొప్పి లేదు గానీ చప్పుడున్నది, ఆ చప్పుడు గురించి రాయ. మత్తు ఇచ్చే నస్రీన్ మేడం నా చెయ్యి పట్టుకున్నది, ఆమె చెయ్యి ఎచ్చగ ఉండె. లావణ్య నా మొఖం ముంగట చీటీలు ఒకటెనక ఒకటి పట్టింది. చదువుతున్న. ఒక పేరు, ఇంకో పేరు. ఎనక నుంచి సారు "బాగుందమ్మా, బాగుంది" అంటున్నడు. అంగూరు పందిరి కింద జట్టు ఆడోళ్ళను పేరు పేరున పిలిచినట్టు అనిపించింది.

తర్వాత ఒక చీటి వచ్చింది. మొదటి అక్షరం చదివిన. "శ్రీ." ఆ ఎనక శీమలు.

"మళ్ళీ చూడండమ్మా" అన్నది లావణ్య.

"శ్రీ." శీమలు. అది నా కొడుకు పేరని నాకు తెలుసు. నోటితోని చెప్పొచ్చు. గానీ చదివితేనే చెప్త అని మాటిచ్చిన. "వస్తలేదు బిడ్డా" అన్న.

సారు ఆ జాగల తాకిచ్చుడు ఆపిండు. శీమలు లేసిపోయినయి. శ్రీశైలం అని సక్కగ కనవడ్డది, చదివిన. మల్ల తాకిచ్చిండు. పోయింది.

"ఇక్కడ వదిలేస్తున్నా" అన్నడు సారు. తర్వాత నా కోసమేమో, జర గట్టిగ అన్నడు. "కన్ను వదిలానమ్మా."

అయిపోయింది, అక్షరాలు దక్కినయి అని రాస్తే మంచిగనే ఉంటది, గానీ అట్ల కాలే. ఆపరేషన్ అయినంక తలకాయ లోపల వాపు. కండ్లు తెరిస్తే ఏడ చూసినా శీమలే. సారు వచ్చి, వాపు తగ్గాలి, తొందరపడొద్దు అన్నడు. ఇంటికొచ్చినం. రేణుక పీట మీద జొన్నపిండి పరిచి 'బ' రాసింది. అది ఏందో నాకు తెలువలే. ఏలు పెట్టి దాని మీద దిద్దితే చేతికి ఎరుకైతాంది, కండ్లకు ఎరుకైతలేదు. గడ్డ ముక్క తలల పెట్టుకున్న, అక్షరాలు గూడ దక్కలే, రెండూ పాయె అనుకున్న. నా కొడుకు ఆ మాట ఒక్కసారన్న అంటడని ఎదురుచూసిన. అనలే. అనకపోవుడే ఎక్కువ గుచ్చింది.

కార్తీకంల ఒక పొద్దుమీకి శ్రీశైలం తన ప్లాట్ల కాగితం తెచ్చి నా ఒడిల ఏసిండు. రంగు రంగులది, పెద్ద పెద్ద అక్షరాలది. "కొత్తగ అచ్చేపిచ్చిన. చూడు" అన్నడు. దసరా ముందరికెల్లి నాతోని ఆయన మాట్లాడిన మొదటి మాట అది. చూసిన. శీమలు ఉన్నయి గానీ పారుతలెవ్వు, నిలవడ్డయి. ఏలు పెట్టిన. ఒక్కొక్కటి పట్టుకున్న. శానాసేపు పట్టింది. ఆయన కదలలే.

"షా... మీర్... పేట చెరువును... ఆనుకొని... ప్రశాంతమైన ప్లాట్లు." తల లేపిన. "ఎవలురా గిది రాసింది? చెరువు ఏడ, నీ ప్లాట్లు ఏడ? నడుమ మూడు ఊర్లున్నయి."

రేణుక పక్కున నవ్వింది, నవ్వుకుంటనే కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. శ్రీశైలం నా పక్కన కూలవడ్డడు. "అందరు గట్లనే రాస్తరే అమ్మా" అన్నడు.

ఇగ మాటలు మొదలైనయి గదా, ఒకనాడు చెప్పిన. "సారు కోసుకుంట వచ్చి నీ పేరు కాడ ఆపిండురా."

ఆయన గాబరా అయిండు. "అంటే నా వల్లనే ఆ ముక్క మిగిలిందా?"

"ఆఁ. మీ బాపు గంత వంకర పేరు పెట్టిండు మరి."

నవ్వలే ఆయన. బయటకు పోయి కారు తుడుసుకుంట శానాసేపు నిలవడ్డడు. తుడిసిన జాగనే మల్ల తుడిసిండు.

ఇప్పుడు శివరాత్రి దాటింది. రోజు కొంచెం రాయమని లావణ్య చెప్పింది, అందుకే ఇది రాస్తున్న. ఒత్తులు తప్పితే రేణుక దిద్దుతాంది. చదువు పూర్తిగ రాలే. పొద్దుగాల మంచిగుంటది, పొద్దుమీకితే అక్షరాలు అలిసిపోతయి. ఒకసారి ఫొటో తీసి చూసిండ్రు, మిగిలిన ముక్క ఉన్నకాడనే ఉన్నది. ఉగాది అయినంక మల్ల చూస్తరు. పెరిగితే ఏం చేస్తనో నాకు తెలువదు. అప్పుడు నా కాళ్ళు ఎటు పోతయో చూసుకుంట.

దవాఖానల కూసొని ఎవలన్న ఇది చదివితే, వాళ్ళకు ఒక మాట. నేను చేసింది చెయ్యమని చెప్తలేను. సూరారం ఆమె పెనిమిటి మొత్తం తీపిచ్చుకున్నడు, మంచిగున్నడు, ఆమె ఫోన్ చేస్తుంటది. ఆయనకు కావాల్సింది ఆయనకు దొరికింది. మీ లక్ష్యం ఏందని డాక్టర్లు అడిగితే గాబరా పడకుండ్రి. ఎన్నడూ ఎంచుకోనిదాన్ని ఇప్పుడు ఎంచుకోమంటే ఎవలికి రాదు. ఊకె కూసున్నప్పుడు మీ చెయ్యి దేని దిక్కు పోతాందో చూసుకోండ్రి. మీ మీద పానం పెట్టుకున్నోళ్ళు న్యాయం చెప్తే ఇనుండ్రి, జవాబు లేకుంటే లేదని ఒప్పుకోండ్రి. ఒప్పుకొని గూడ వేరే తొవ్వ పోవచ్చు. ఆ తొవ్వల వాళ్ళే ఎంబడి వస్తరు, నోరు మూసుకొనన్న వస్తరు.

ఆ బుధవారం ఉన్నోళ్ల పేర్లు రాస్తున్న, లోపలోళ్లయి చదివిన వరుసల. మాధవరావు, కోసిన సారు. నస్రీన్, చెయ్యి పట్టుకున్న మేడం. మేరీ, నర్సు, కేరళ పిల్ల, ఆమె పేరు ఆమెకు తెలుగుల రాదు, లావణ్య రాసింది. కిరణ్, మిషిన్ చూసేటాయన. పోచయ్య, బండి తోసుకొచ్చినాయన, ఆయనకు గూడ చదువు రాదు, తన పేరు చీటి అడిగి తీసుకొని జేబుల పెట్టుకున్నడు. లావణ్య, చీటీలు పట్టిన బిడ్డ. తలుపు బయట రేణుక. ఆమె పక్కన యాదమ్మ, ఉన్న ఒక్క కుర్చీల ఆమెనే కూసున్నదట. ఆ పక్కన గోడకు ఒరిగి శ్రీశైలం.